మలుపు కాడ చుక్క

మా ఆయన అబద్ధమాడడు. పెళ్ళైన కొత్తలో ఈ మాట విని మా అమ్మ దేవుళ్ళందరికీ దండం పెట్టుకుంది. కాపురం చేసేది నేను కదా, ఆ బాధ నాకు తెలుసు. చుట్టాలింటికి భోజనానికి పోతే కూరలో ఉప్పెక్కువైందని ముఖం మీదే చెప్తాడు. మోటార్ వైండింగు కొట్టుకు బేరం నడిచి వస్తే, "నీ మోటారుకేం రోగం లేదు, నీ బోరులోనే నీళ్ళు లేవు" అని తిప్పి పంపిస్తాడు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో గుట్టు దాచుకోవడమంటే పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి పోవడమే. మొన్నటి వేసవిలో నేను చేసింది ఆ పనే.

ఆ ఏడు మా పెద్దారవీడు మండలంలో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. నీళ్ళు లేని బోరులో మోటారు తిరిగేదెక్కడ, కాలేదెక్కడ? కొట్టుకు పని లేకుండా పోయింది. పని లేని మా ఆయనకు రేడియో ఉంది. సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న హ్యామ్ రేడియో అది. డాబా మీద ఇనప గొట్టానికి యాంటెనా కట్టి, ఎక్కడెక్కడి వాళ్ళతోనో పలుకుతూ ఉంటాడు. అన్నం తినడానికి పిలిస్తే మాత్రం వినపడదు.

ఊరికి తాగే నీళ్ళు ట్రాక్టరు ట్యాంకరులో వచ్చేవి. దాన్ని తోలేది మా అన్న యల్లయ్య. మండలం రోడ్డు మీద ఇంకా ఎండని బోరు ఒకటుంది. అక్కడ నింపుకుని, బోడిగుట్ట చుట్టూ తిరిగి మా ఊరికి రావాలి. ఆ దారి పొడుగునా ఫోన్లు పనిచేయవు. బండి ఎప్పుడొస్తుందో తెలియక ఆడవాళ్ళం బిందెలు వరస పెట్టుకుని మిట్ట మధ్యాహ్నం దాకా నిలబడేవాళ్ళం. ఒకరోజు ఓబులమ్మ పెద్దమ్మ కళ్ళు తిరిగి బిందెల మీదే పడిపోయింది. అది చూసి వచ్చిన మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినకుండా కూర్చుని, సబ్బుపెట్టెంత పెట్టె ఒకటి తయారుచేసి ట్రాక్టరు మడ్‌గార్డుకు బిగించాడు. తను ఎక్కడున్నదీ ఆ పెట్టె కాసేపటికొకసారి రేడియోలో పలుకుతుంది. మా వరండాలోని ల్యాప్‌టాప్ మీద, మ్యాపులో ఒక ఎర్ర చుక్క కదులుతుంది. లైసెన్సు మా ఆయనది కాబట్టి చుక్క పక్కన ఉండేది కూడా సర్కారు ఆయన రేడియోకు ఇచ్చిన పేరే, కాల్ సైన్ అంటారు, చివర్లో ఒక తొమ్మిది అంకె. మా అన్న పేరు ఎక్కడా లేదు.

మొదటి వారం మా ఇల్లు తిరణాల. బిందెలు ఇంటి దగ్గరే పెట్టి, నీడలో కూర్చుని చుక్కను చూసేవాళ్ళు. చుక్క చెరువుకట్ట దాటాక లేచి పోతే చాలు. ఓబులమ్మ పెద్దమ్మ మా ఆయన బుగ్గలు పుణికి, "నా తండ్రే, నీ కడుపు సల్లగుండ" అంది. నేను కూడా మురిసిపోయాను. ఎందుకు దాచాలి?

తర్వాత వచ్చింది తంటా. బోడిగుట్ట మలుపు దగ్గరికి రాగానే చుక్క ఆగిపోయేది. గంటన్నరసేపు కదిలేది కాదు. తర్వాత ఒక్కసారిగా మలుపు ఇవతల తేలి, బుద్ధిగా ఊరికి వచ్చేసేది.

"గుట్ట అడ్డమొస్తాంది," అని మా ఆయన అందరికీ చెప్పేవాడు. "బండి పలికేది మనకు వినపడదు. మీరు చూసే చుక్క బండి కాదు, బండి ఆఖరుసారి పలికిన చోటు. ఇప్పుడు అది యాడుందో ఎవరికి తెలుసు?"

ఎవరూ వినలేదు. కళ్ళముందు చుక్క కనపడుతుంటే చెవులెందుకు పనిచేస్తాయి?

ట్యాంకరు అజమాయిషీ చూసే రంగయ్య మామకు మాత్రం ఆ ఆఖరి మాట బాగా ఎక్కింది. "అంటే మలుపు దాటి యాడికన్నా పోవచ్చన్నమాట," అన్నాడు గడ్డం గోక్కుంటూ. "గుట్ట అవతల బత్తాయి తోటలుండాయి. చెట్లు ఎండిపోయేటప్పుడు నీళ్ళకెంతడిగితే అంతిస్తారు. మీ బావ అమ్ముకుంటన్నాడు అబ్బాయ్." ఆయన మేనల్లుడి ట్రాక్టరు ఒకటి పని లేక కొట్టంలో నిలబడి ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది గానీ, బిందె పట్టుకుని నిలబడే దాన్ని, ట్యాంకరు పెత్తనం చేసే మనిషితో ఏం కొట్లాడతాను?

ఆ సాయంత్రం అన్న భోజనానికి వచ్చినప్పుడు పెరట్లో పట్టుకుని అడిగాను. తలొంచుకుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"గూడేనికి పోతన్నా," అన్నాడు చివరికి.

బోడిగుట్ట అవతల, అడవి మొదట్లో చెంచుల గూడెం ఒకటుంది. ఇరవై గుడిసెలుంటాయేమో. కాగితాల్లో వాళ్ళకు బోరుంది కాబట్టి ట్యాంకరు లేదు. ఆ బోరు ఎండి రెండేళ్ళయింది.

"ఎండలు ముదిరినాక ఒకనాడు ఖాళీ బండితో పోతాంటే ఆడ టైరు పంచరైంది," అన్నాడు అన్న. "నాలిక పిడచగట్టుకుపోయి గూడెంలోకి పోయి నీళ్ళడిగినా. రామలక్ష్మి అని, చీపుర్లు అమ్మను వస్తాది చూడు, ఆయమ్మ కుండ వంచి చెంబు నింపి ఇచ్చింది. గటగటా తాగేసినా. తాగినాక చూస్తే కుండలో అడుగు కనపడతాంది. పిల్లోళ్ళు ఇంటి నిండా ఉండారు ఇందూ. నీళ్ళ బండి తోలేవాణ్ణి, వాళ్ళ ఆఖరి చెంబు తాగినా."

అప్పటి నుంచి రోజూ మలుపు దగ్గర బండిబాట పట్టి, గూడెంలో నాలుగు డ్రమ్ములు నింపి వస్తున్నాడు. ఐదు వేల లీటర్లలో నాలుగు డ్రమ్ములు పోతే మా ఊరికి తెలిసేది కాదు. గంటన్నర పోతేనే తెలిసింది, అదీ మా ఆయన పెట్టె వల్ల.

"బావకు చెప్పొద్దు," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "బావ మంచోడే. అడిగినోడికల్లా చెప్పేస్తాడు. రంగయ్యకు తెలిస్తే పొద్దున్నే నా చేతిలో బండి ఉండదు. మేనల్లుడు గూడెం దిక్కు చూస్తాడా?"

చెప్పనని మాటిచ్చాను. అప్పటి నుంచి నాకు నా ఇంట్లోనే ఊపిరాడలేదు. పొద్దున లేస్తే వరండా నిండా జనం. మా అన్న పేరెత్తకుండా ఒక్కరూ మంచినీళ్ళు తాగరు. 'తోట ఎవరిదంటావు?' 'రెండో బండి కొంటాడంట లే.' వంటింట్లో నిలబడి అన్నీ వినాలి, వచ్చి టీలు పోయాలి, నవ్వాలి. మొగుడి దగ్గర నోరు మూసుకుంటే మా అన్న దొంగ. నోరు తెరిస్తే గూడెం గొంతెండిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే.

పైగా అన్నకు అప్పుడే దొనకొండ సంబంధం కుదురుతోంది. నాకు పెళ్ళి చేసి, అమ్మనాయనలను సాగనంపి, ముప్పై దాటించుకున్నాడు మా అన్న. పిల్ల పేరు ఉమ. ఒకసారి చూపులకు పోయి వచ్చినప్పటి నుంచి అన్న వారానికి రెండుసార్లు గడ్డం గీసుకుంటున్నాడు. పిల్ల తండ్రి చెన్నకేశవులు సోమవారం వస్తానని కబురు పెట్టాడు. ముహూర్తం పెట్టుకునే ముందు పిల్లవాడి ఊళ్ళో నాలుగు మాటలు విని పోవడం వాళ్ళ వైపు అలవాటు.

ఆ కబురు విని మా ఆయన చిటికె వేశాడు. "సోమవారానికి బావ మీద పడిన మాట తుడిచేస్తా చూడు. గుట్ట నెత్తిన ఇంకో పెట్టె పెడితే సరి. బండి పలికేది అది విని మళ్ళీ పలుకుతాది. మలుపు అవతల యాడ తిరిగినా మనకు కనపడతాది. రంగయ్య మామను పిలుస్తా, ఆ పెద్దాయన ముందరే చూపిస్తా."

"ఇంత ఎండలో గుట్టెక్కుతావా?" అన్నాను. తెల్లారుజామున ఎక్కుతానన్నాడు. పాములుంటాయన్నాను. బూట్లేసుకుంటానన్నాడు. మా అన్న మంచితనానికి సాక్ష్యం తేవడానికి గుట్టెక్కే మొగుణ్ణి ఏమని ఆపాలి? ఆదివారం పొద్దున్నే ఎక్కి, సోలారు పలక, బ్యాటరీ, యాంటెనా బండరాయికి కట్టి దిగి వచ్చాడు. ల్యాప్‌టాప్ మీద పక్కన కొత్త వరస ఒకటి మొదలైంది. గుట్ట మీది పెట్టె తన బ్యాటరీ ఎంతుందో, తన ఒళ్ళెంత కాగుతోందో తనే చెప్తుంది. టెలిమెట్రీ అంటారట. ఆయన దాన్ని కన్నబిడ్డ జ్వరం చూసినట్టు చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎవరూ లేరు. మేమిద్దరమే ఉన్నాం. చుక్క మలుపు దగ్గరికి వచ్చింది. ఆగలేదు. రోడ్డు వదిలి పక్కకు తిరిగి, మ్యాపులో ఏమీ లేని తెల్లటి చోటుకు పోయి నిలబడింది.

"అక్కడ తోట లేదే," అన్నాడు మా ఆయన.

"గూడెముంది," అన్నాను. ఇక దాచి ఏం లాభం? మొత్తం చెప్పేశాను.

"మంచిపనే కదా," అన్నాడాయన. "మంచిపని చేసినోడికి భయమెందుకు? రేపు అందరికీ చెప్పేద్దాం."

"చెప్పినాక ఎల్లుండి బండి గూడేనికి పోతాదా?"

ఆయన మళ్ళీ తెర మీది చుక్క వైపు తిరిగాడు.

"పెట్టె తీసెయ్యి," అన్నాను.

"ఎందుకు తీసినావని అడిగితే?"

"చెడిపోయిందని చెప్పు."

మన్ను తినమన్నట్టు చూశాడు నా వంక. "చెడిపోలేదు కదా ఇందూ!"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. గుణం లేని మొగుడైతే తిట్టుకుని తృప్తిపడొచ్చు, ఈయనను ఏమని తిట్టను? రేపొక్కరోజు పోవద్దని అన్నకు కబురు పెడదామా అనుకున్నాను. ఒక్క రోజు ఆగితే ఏం లాభం? పెట్టె వేసవంతా గుట్ట మీదే ఉంటుంది.

సోమవారం తెల్లవారుతూనే పుల్లలకు పోయొస్తానని చెప్పి బయలుదేరాను. గుట్ట కింద ఇప్పచెట్ల దగ్గర రామలక్ష్మి రాలిన పువ్వు ఏరుకుంటోంది.

"యాడికక్కా ఇంత పొద్దున?"

"పైకి. మా ఆయన పెట్టిన పెట్టె చూడాల."

"ఎర్రలైటు పెట్టేనా? రాత్రి అది మిణుకుమంటాంటే మా పిల్లోళ్ళు సుక్క దిగిందని గోల." గంప అక్కడే పెట్టి ముందు నడిచింది. ఎందుకని అడగలేదు. ఆమె అడుగు పెట్టిన చోటే అడుగు పెట్టి ఎక్కినా నాకు ముళ్ళు దిగబడ్డాయి, ఆమెకు దిగలేదు.

పైనుంచి గూడెం కనపడింది. చింతచెట్టు కింద నాలుగు నీలం డ్రమ్ములు, మూతలు తీసి పెట్టి ఉన్నాయి. వాటి చుట్టూ ఆడవాళ్ళు అప్పుడే బిందెలతో కూర్చున్నారు.

"బండి వచ్చేదానికి ఇంకా పొద్దుంది కదా," అన్నాను.

"కూసుంటాం. ఏం పనుంది? ముందు వాగులో చెలమ తవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు చెలమ గూడా ఊరడం లేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ అన్న రానినాడు పిల్లోళ్ళు అరవరక్కా. అరిస్తే దప్పికవుతాదని వాళ్ళకు గూడా తెలిసిపోయింది."

నేను ఇక ఆలోచించలేదు. బ్యాటరీకి ఉన్న రెండు తీగలనూ పట్టుకుని లాగాను. మా ఆయన కట్టిన కట్టు కదా, ఊడి చావలేదు. చివరికి పళ్ళతో కొరికి పీకాను. ఎర్రలైటు ఆరిపోయింది. రామలక్ష్మి ఒకసారి లైటు వంక, ఒకసారి నా వంక చూసి, నా కాలి ముల్లు తీయడానికి కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి వరండా నిండిపోయి ఉంది. మధ్యలో కుర్చీలో చెన్నకేశవులు, తెల్లటి పంచె, చేతిలో మజ్జిగ గ్లాసు. పక్కనే రంగయ్య మామ. మా ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. ఏమీ ఎరగనట్టు గడప దగ్గర నిలబడ్డాను.

"గుట్ట మీద పెట్టె పెట్టినాడయ్యా మా ఊరి పిల్లోడు," అన్నాడు రంగయ్య మామ, చెన్నకేశవులుతో. "ఇంక మీ అల్లుడు పాతాళానికి పోయినా కనపడతాడు. చూడండి మీరే."

చుక్క మలుపు దగ్గరికి వచ్చింది. ఆగిపోయింది.

మా ఆయన తెర పక్కనున్న వరస మీదికి వంగాడు. గుట్ట పలకడం మానేసి అప్పటికి చాలాసేపయింది. అది అక్కడ చదవడం తెలిసింది ఆయనొక్కడికే. నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూశాడు. ముఖం వైపు కాదు, కాళ్ళ వైపు. చీలమండల దాకా ఎర్రమన్ను, ఒకచోట నెత్తురు చార, చీర అంచుకు పల్లేరుకాయలు. పుల్లలకు పోయిన దాన్ని, చేతిలో ఒక్క పుల్ల లేదు.

"ఏమబ్బాయ్, పెట్టె పనిచేస్తాందా లేదా?" అన్నాడు రంగయ్య మామ.

ఇక చెప్పేస్తాడు అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

"పనిచేస్తాంది మామా," అన్నాడు మా ఆయన. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. "చుక్క యాడుంటే బండి ఆడే. మలుపు కాడే ఉంది."

"తోటకు పోలేదా?"

"పోలేదు."

"మరి గంటన్నర ఆడేం చేస్తన్నాడు?"

మా ఆయన దగ్గర ఉన్న అబద్ధం అయిపోయింది. ఇంకొకటి పుట్టించడం ఆయన వల్ల కాలేదు. నోరు తెరిచి, మూసి, యాంటెనా తీగ వైపు చూశాడు. చెన్నకేశవులు మజ్జిగ తాగడం ఆపి నా వంక చూశాడు. చాలా నెమ్మదైన చూపు ఆయనది. ఇంజను కాగిందని చెప్పనా? రోజూ కాగుతుందా? టైరు అని చెప్పనా? రోజూ పోతుందా? రోజూ గంటన్నర పట్టేది, దొంగతనం కానిది, ఎవరూ పోయి చూసిరావాలనుకోనిది ఒక్కటే ఉంది. అది మా అన్న నెత్తిన పెట్టాల్సింది నేనే.

"నిద్రపోతాంటాడు మామా," అన్నాను. "చెట్టు నీడ కనపడితే చాలు, మా అన్నకు చిన్నప్పటి నుంచీ అంతే. లేపితే గానీ లేవడు. మా నాయన ఎంత కొట్టినా మారలేదు."

అందరూ గొల్లుమన్నారు. రంగయ్య మామ తొడ చరుచుకుని నవ్వాడు. "సోమరిపోతా! నేను దొంగనుకుంటి గదరా. నిద్రపోయినోళ్ళను మార్చాలంటే ఊళ్ళో సగం మందిని మార్చాల. తోలనీ, సావనీ." బండి మా అన్న చేతిలోనే ఉండిపోయింది.

చెన్నకేశవులు నవ్వలేదు. మిగిలిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, కండువాతో మీసాలు తుడుచుకున్నాడు.

"మా పిల్ల కష్టానికి ఎనకాడదమ్మా," అన్నాడు నాతో. "ఇల్లు గడవాలంటే మొగోడు గూడా మేలుకోనుండాల గదా." లేచి చెప్పులేసుకున్నాడు. మా ఆయన ఆ పెద్దాయన వెంట బస్సు దాకా నడిచి పోయాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వాళ్ళటు పోయాక కాసేపటికి ట్యాంకరు వచ్చింది. నేను బిందె తీసుకుని పోయి, వరసలో నిలబడకుండా నేరుగా ట్రాక్టరు దగ్గరికి నడిచాను. అన్న నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"ఉమ వాళ్ళ నాయన వచ్చినాడా?" అన్నాడు.

"వచ్చి పోయినాడన్నా. నువ్వు మలుపు కాడ నిద్రపోతావని చెప్పినా." బిందె కింద పెట్టాను. "అందరి ముందరా చెప్పినా."

అన్న స్టీరింగు మీద చేతులు తీయలేదు. దొనకొండ బస్సు పోయే రోడ్డు వైపు చూశాడు. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇంతలో వరసలో నుంచి ఓబులమ్మ పెద్దమ్మ బిందె ఊపుతూ కేకేసింది.

"ఏమిరా యల్లయ్యా, నిద్ర చాలిందా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. అన్న నా ముఖం వంక ఒకసారి చూసి, ట్రాక్టరు దిగి పైపు విప్పాడు.

"చాల్లేదు పెద్దమ్మా," అన్నాడు. "రేపు గూడా పడుకుంటా."